ఒకే పెళ్లి మీద రెండు ప్రశ్నలు: కోర్టు విడాకులు, శ్రీసభ శూన్యత ప్రకటన

తిరుపతిలో కోర్టు నుంచి విడాకుల డిక్రీ తెచ్చుకున్న కతోలిక అమ్మాయి, మళ్లీ సంబంధం కుదిరే వేళకు విచారణ గురువు (తమ గుడి ఫాదర్) దగ్గరకు వెళ్తే, ఆయన ఆ డిక్రీని ఆసాంతం చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, "ప్రభుత్వానికి ఇది చాలమ్మా, గుడిలో పెళ్లికి మాత్రం చాలదు" అంటారు. దీనికి తిరగబడిన కథ కూడా ఉంది. మేత్రాసన ట్రిబ్యునల్, అంటే బిషప్ పరిధిలోని శ్రీసభ (కతోలిక చర్చి) న్యాయస్థానం, తన పెళ్లి చెల్లలేదని తేల్చింది కదా, ఇంక కోర్టుతో పనేముందని మళ్లీ తాళి కట్టినవాడి మీద మొదటి భార్య ఫిర్యాదు చేస్తే, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ద్వివివాహం కేసు నమోదవుతుంది. నేరం రుజువైతే ఏడేళ్ల వరకు జైలు. ఈ ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే: ఒకే పనిని రెండు ఆఫీసుల్లో చేయించుకోవాలని అనుకున్నారు. నిజానికి అవి రెండు వేర్వేరు పనులు.

విడాకులు అడిగేవారు, మా పెళ్లి జరిగింది, అది చెల్లింది, ఇకపై మాత్రం వద్దు అని అడుగుతారు. శూన్యత ప్రకటన అడిగేవారు, గుడిలో తంతు జరిగిన మాట నిజమే గాని ఆ రోజున పెళ్లి అనేది ఏర్పడనే లేదు, దాన్ని పరిశీలించి చెప్పండి అని అడుగుతారు. పుత్తూరు కట్టు కట్టేవారి భాషలో చెప్పాలంటే, మొదటిది విరిగిన ఎముక సంగతి, రెండవది మొదటి నుంచీ అతుక్కోని ఎముక సంగతి. అందుకే మన ఊళ్లలో వాడుకలో ఉన్న 'చర్చి విడాకులు' అన్న మాట గాని, పత్రికల్లో కనిపించే 'వివాహ రద్దు' అన్న మాట గాని సరైనవి కావు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన ఇద్దరి మధ్య చెల్లుబాటుగా జరిగి కాపురం కూడా చేసిన పెళ్లిని రద్దు చేసే అధికారం తనకు లేదనే శ్రీసభ చెబుతుంది. అది చేసేది ప్రకటన మాత్రమే.

ఇక్కడ తల్లులను ఎక్కువగా వేధించే భయం ఒకటి ఉంది, దాన్ని ముందే తీర్చడం మంచిది. పెళ్లి శూన్యమని తేలితే పిల్లలు అక్రమ సంతానం అవుతారా? కారు. కనీసం ఒకరైనా చెల్లిన పెళ్లే అని నమ్మి చేసుకున్న పెళ్లిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని 1983 నాటి శ్రీసభ చట్టస్మృతి 1137వ నియమం స్పష్టంగా చెబుతుంది. పైగా శూన్యత తీర్పు ఇచ్చే న్యాయాధిపతి, ఒకరి పట్ల ఒకరికీ పిల్లల పట్లా మిగిలి ఉన్న నైతిక, చట్టపరమైన బాధ్యతలను తీర్పులోనే గుర్తుచేయాలి.

ఇక ప్రభుత్వ చట్టం సంగతి. క్రైస్తవుల విడాకులకు ఇప్పటికీ ఆధారం 1869 నాటి చట్టమే. 2001 సవరణకు ముందు అది స్త్రీ పట్ల ఎంత కఠినంగా ఉండేదంటే, భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే కారణంగా సరిపోయేది గాని, భార్య మాత్రం భర్త వ్యభిచారానికి తోడు క్రూరత్వాన్నో, పరిత్యాగాన్నో కూడా నిరూపించాల్సి వచ్చేది. అదంతా చేసి జిల్లా కోర్టులో గెలిచినా హైకోర్టు ధ్రువీకరించేదాకా ఆ డిక్రీ పూర్తయినట్టు కాదు. ఆ సవరణతో భార్యాభర్తలకు సమానమైన కారణాలు వచ్చాయి: వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్లకు తగ్గని పరిత్యాగం, మతం మార్పు, ఏడేళ్లుగా జాడ తెలియకపోవడం, నయం కాని మానసిక వ్యాధి వంటివి. అప్పుడే 10-ఏ సెక్షన్ ద్వారా పరస్పర అంగీకార విడాకులు కూడా వచ్చాయి. హిందూ వివాహ చట్టంలో ఏడాది విడిగా ఉంటే చాలు, ఇక్కడ మాత్రం రెండేళ్లు అని రాసి ఉంది. దీన్ని ఏడాదిగానే చదువుకోవాలని కేరళ హైకోర్టు 2010లో చెప్పింది. రెండేళ్లు నిండాక దాఖలు చేసేవారికి ఆ వాదనతో పని ఉండదు. ఉమ్మడి పిటిషన్ వేశాక కనీసం ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోర్టును కోరాలి.

అదే చట్టం 18, 19 సెక్షన్లలో పెళ్లి శూన్యమని కోర్టే ప్రకటించే వీలు కూడా ఉంది. కాని ఆ ద్వారం చాలా ఇరుకు: నపుంసకత్వం, నిషిద్ధ బంధుత్వం, పెళ్లినాటికి మతిస్థిమితం లేకపోవడం, మొదటి భార్య లేదా భర్త బతికి ఉండటం, బలవంతం లేదా మోసంతో పొందిన సమ్మతి. శ్రీసభ శూన్యత కారణాలతో ఇవి కొంత కలిసినట్టు కనిపించడం వల్లనే, ట్రిబ్యునల్ తీర్పును కోర్టు కూడా ఎందుకు గుర్తించకూడదన్న ప్రశ్న చాలాకాలంగా నడిచింది. ట్రిబ్యునల్ ఇచ్చిన శూన్యత తీర్పు పౌరచట్టం ముందు పెళ్లిని ముగించదని సుప్రీంకోర్టు 1996లో మోలీ జోసెఫ్ కేసులో తేల్చింది. శ్రీసభ న్యాయస్థానాల తీర్పులకు చట్టబద్ధత ఇవ్వాలని కోరిన క్లారెన్స్ పాయిస్ పిటిషన్‌ను 2017 జనవరిలో కొట్టివేసింది. నా అభిప్రాయంలో ఇది సరైన తీర్పే. భరణం, ఆస్తి, పిల్లల సంరక్షణ వంటి వాటిని తేల్చి అమలు చేయించే శక్తి ట్రిబ్యునల్‌కు లేదు. ఆ శక్తి లేని చోట ఇచ్చిన తీర్పు చట్టపరంగా కూడా పెళ్లిని ముగిస్తుందంటే, నష్టపోయేది ఎక్కువగా ఆడవాళ్లే.

కోర్టు గడప తొక్కే ముందు ఇంకో చిక్కు ఉంది. దాని గురించి పైకి ఎవరూ మాట్లాడరు. పిటిషన్ వేసే నాటికి భార్యాభర్తల్లో ఒకరైనా క్రైస్తవులై ఉంటేనే 1869 చట్టం వర్తిస్తుంది. మన ప్రాంతంలో ఆదివారం పూజకు వెళ్లే కుటుంబాల్లో కొందరి ధ్రువపత్రాలు 'హిందూ' అని ఉంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే షెడ్యూల్డు కులాల హోదా పోతుంది కనుక అలా ఉండటంలో ఆశ్చర్యం లేదు. గుడిలో జరిగిన పెళ్లికి ఒక చట్టం, ధ్రువపత్రంలో ఉన్న మతానికి ఇంకో చట్టం అని వచ్చేసరికి, ఏ చట్టం కింద వేయాలో వకీలుకు కాగితాలన్నీ ముందు పెట్టి తేల్చుకోవాలి. వకీలు దగ్గర దాచిన సంగతిని ఎదుటివాళ్లు కోర్టులో బయటపెడితే, అప్పటిదాకా నడిచిన కేసంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం: శ్రీసభ ఏం చూస్తుంది? దాని దృష్టిలో పెళ్లిని చేసేది పురోహితుడు కాడు, రిజిస్టరూ కాదు, ఇద్దరి సమ్మతి. కనుక పరీక్ష అంతా ఆ సమ్మతి మీదే. కారణాలను వరసగా చెప్పడం కంటే ఒక జంటను ఊహించుకుంటే సులభంగా అర్థమవుతుంది.

పుత్తూరు దగ్గరి అమ్మాయి, కువైట్‌లో డ్రైవరు పని చేసే అబ్బాయి. అతడు రెండు నెలల సెలవు మీద వచ్చాడు. పెళ్లిచూపులు, మాటలు, మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన, జ్ఞానవివాహం అన్నీ నెల తిరక్కుండా ముగిశాయి. అతడు సెలవు తీరి వెళ్లిపోయాడు. మొదట్లో డబ్బు పంపాడు, తర్వాత తగ్గించాడు, తర్వాత మానేశాడు. ఫోన్ చేస్తే తిట్లు. నాలుగేళ్లుగా ఇటు రాలేదు. అక్కడ ఇంకొక స్త్రీతో కాపురం ఉందని, ఒక బిడ్డ కూడా ఉన్నాడని ఎవరి ద్వారానో తెలిసింది. కోర్టు పిటిషన్‌కు ఇందులో కావలసినంత ఉంది: వ్యభిచారం, పరిత్యాగం, క్రూరత్వం. ఏ నెల నుంచి డబ్బు ఆగింది, ఏ రోజు ఏమన్నాడు, ఎన్నాళ్లు విడిగా ఉన్నారు అని వకీలు పేరా పేరాగా రాస్తాడు.

అదే కథను అదే వరసలో ట్రిబ్యునల్‌కు పంపితే, వాళ్లు సానుభూతితో చదివి, ఇదంతా పెళ్లయ్యాక జరిగింది కదా అంటారు. వాళ్లు అడిగేది వేరు. ఆ స్త్రీతో సంబంధం ఎప్పుడు మొదలైంది? పెళ్లికి ముందా, తర్వాతా? ముందే అయితే, దాన్ని వదిలేయాలన్న ఉద్దేశం పెళ్లినాడు అతడికి ఉందా? ఇంట్లో ఎవరికి తెలుసు? పెళ్లికి మూడు రోజుల ముందు అతడు కువైట్‌లోని స్నేహితుడికి, "మా అమ్మ పోరు పడలేక చేసుకుంటున్నాను, అక్కడి దాన్ని వదిలేది లేదు" అని పంపిన ఒక్క వాట్సాప్ సందేశం దొరికితే, దాని బరువు నాలుగేళ్ల కష్టాల చిట్టా కన్నా ఎక్కువ. నోటితో ఒప్పుకొని మనసులో దాంపత్య విశ్వసనీయతను తోసిపుచ్చాడన్న కారణం, 1101వ నియమం, దాని మీద నిలబడుతుంది. బిడ్డ సంగతి దాచి పెళ్లి చేసుకున్నాడని రుజువైతే మోసానికి సంబంధించిన 1098వ నియమం కూడా వస్తుంది. అదే సంబంధం పెళ్లయిన రెండేళ్లకు మొదలైందే అనుకుందాం. విడాకులు అప్పుడు కూడా వస్తాయి. శూన్యత మాత్రం, ఇంకే కారణమూ లేకపోతే, రాదు. ఆ అమ్మాయి పడిన కష్టం రెండు సందర్భాల్లోనూ ఒకటే. అది అన్యాయంగా తోస్తుంది, తోచడం సహజం. కాని ట్రిబ్యునల్ కష్టాన్ని తూచే చోటు కాదు, పెళ్లినాటి సమ్మతిని తూచే చోటు.

ఈ కొలబద్దతో చూస్తే మన ఇళ్లలో వినిపించే చాలా మాటలు తమ చోటుకు చేరతాయి. కట్నం కోసం వేధించడం కోర్టులో క్రూరత్వమే, క్రిమినల్ నేరం కూడా. శూన్యతకు మాత్రం అది దానంతట అది కారణం కాదు. పెళ్లయ్యాక అలవాటైన తాగుడు కారణం కాదు. పెళ్లినాటికే మనిషిని కాపుర బాధ్యతలు మోయలేని స్థితికి దిగజార్చిన వ్యసనమైతే 1095వ నియమం కింద పరిశీలిస్తారు, అప్పుడు మానసిక వైద్య నిపుణుల అభిప్రాయం తీసుకుంటారు. పిల్లలు పుట్టకపోవడం పెళ్లిని శూన్యం చేయదు. పుట్టరని ముందే తెలిసి, ఎదుటివారి సమ్మతి పొందడం కోసమే ఆ సంగతి దాచితే అది వేరే లెక్క. పెద్దలు కుదిర్చిన పెళ్లి కావడం బలవంతం కాదు, మొహమాటానికి తలూపడం కూడా కాదు. ఈ సంబంధం కాదంటే పురుగుల మందు తాగుతానని తండ్రి డబ్బా చేతిలో పట్టుకొని గుమ్మంలో కూర్చుంటే, అందులోంచి బయటపడటానికి పెళ్లి తప్ప ఇంకో దారి ఆ పిల్లకు కనిపించకపోతే, అది 1103వ నియమం చెప్పే భయం అవుతుంది. అయితే పెళ్లికి ముందు గురువు వధూవరులను విడివిడిగా కూర్చోబెట్టి, స్వేచ్ఛగా ఒప్పుకుంటున్నావా అని అడిగి సంతకం పెట్టించుకున్న విచారణ పత్రం గుడి బీరువాలో ఉంటుంది. ఆ పత్రంలో 'అవును' అని ఎందుకు చెప్పిందో, బయట వరండాలో ఎవరు కూర్చున్నారో కూడా ఆమె వివరించాల్సి వస్తుంది.

సమ్మతితో సంబంధం లేని కారణాలు కూడా ఉన్నాయి, వాటిలో రెండు మన దగ్గర తరచుగా తగిలేవే. ఒకటి మేనరికం. శ్రీసభ లెక్కలో మేనమామ, మేనకోడలు మూడవ తరగతి బంధువులు, మేనత్త కొడుకు, మేనమామ కూతురు నాలుగవ తరగతి. రెండూ నిషిద్ధమే గాని మేత్రాణుల (బిషప్) సడలింపుతో చేసుకోవచ్చు. బంధుత్వం దాచిపెట్టి, సడలింపు లేకుండా చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, దాన్ని పత్రాల ఆధారంగానే తేల్చే చిన్న విధానం ఉంది. రెండవది పెళ్లి జరిగిన తీరు. అధికారం ఉన్న గురువు, ఇద్దరు సాక్షుల ఎదుట చేసుకోవడం కతోలికులకు తప్పనిసరి. ఏ సడలింపూ తీసుకోకుండా కల్యాణ మండపంలోనో, రిజిస్ట్రారు ఆఫీసులోనో మాత్రమే పెళ్లి చేసుకున్న కతోలికుడి విషయంలో పూర్తి విచారణ అవసరం ఉండదు, కాగితాలతో తేలిపోతుంది. ప్రభుత్వం దృష్టిలో ఆ పెళ్లి చెల్లేదే కావచ్చు, కనుక విడాకులు మాత్రం తప్పవు.

చిత్తూరు, తిరుపతి వంటి చోట్ల ఇంకో సంగతి తెలియక చాలామంది ఆశ్చర్యపోతారు. ఇక్కడ ఆర్కాటు మిషన్ వారసత్వంగా వచ్చిన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలు, వాటితో పాటు లూథరన్ సంఘాలు బలంగా ఉన్నాయి, ఇవి కతోలికేతర ప్రొటెస్టంట్ సంఘాలు. సి.ఎస్.ఐ. గుడిలో పెళ్లి చేసుకొని కోర్టులో విడాకులు పొందిన వ్యక్తిని కతోలిక అమ్మాయి పెళ్లాడాలంటే, ఆ మొదటి పెళ్లి చెల్లినదేనని శ్రీసభ భావించి, అతణ్ని కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లమంటుంది. "మా సంఘంలో ఈ పద్ధతే లేదు, నేనెందుకు వెళ్లాలి?" అని అతడు అడగవచ్చు. వెళ్లకపోతే కతోలిక గుడిలో పెళ్లి జరగదు. ఇద్దరు హిందువుల మధ్య జరిగిన పెళ్లినీ శ్రీసభ ఇలాగే గౌరవిస్తుంది. ఆ హిందూ దంపతుల్లో ఒకరు తర్వాత జ్ఞానస్నానం పొంది, రెండవవారు ఆ కారణంగా కాపురం చేయనంటే పౌలుగారి పేరు మీద ఉన్న ప్రత్యేక వెసులుబాటు వర్తించవచ్చు. అది శూన్యత కాదు, చెల్లిన పెళ్లినే విడదీసే అరుదైన మినహాయింపు.

విధానం విషయానికి వస్తే, మొదటి అడుగు విచారణ గురువే. పాత చిత్తూరు జిల్లా 1976లో ఏర్పడిన కడప మేత్రాసనం పరిధిలోకి వస్తుంది. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట వైపు వారు నెల్లూరు మేత్రాసనానికి చెందినవారు. కలెక్టరేటు హద్దు మారిందని మేత్రాసనం హద్దు మారదు. పెళ్లి జరిగిన చోటు, ఇద్దరిలో ఎవరైనా నివసించే చోటు, సాక్ష్యాలు ఎక్కువగా దొరికే చోటు, ఈ మూడింటిలో ఎక్కడి ట్రిబ్యునల్‌లోనైనా దరఖాస్తు ఇవ్వవచ్చు. దరఖాస్తు స్వీకరించాక ఎదుటివారికి నోటీసు వెళ్తుంది. వాళ్లు రాకపోయినా, ఒప్పుకోకపోయినా కేసు ఆగదు. తర్వాత కేసు మొత్తం తిరిగే ప్రశ్నను న్యాయాధిపతి రాతపూర్వకంగా నిర్ణయిస్తారు: ఫలానా కారణం చేత ఈ పెళ్లి శూన్యమని రుజువైందా? అమ్మానాన్నలు, తోబుట్టువులు, సంబంధం తెచ్చిన పెద్దమనిషి, పెళ్లికి ముందు రోజుల్లో దగ్గరగా మెలిగిన స్నేహితులు సాక్షులవుతారు. పెళ్లి చెల్లిందనే వైపు నిలబడి వాదించడానికే బంధ సంరక్షకుడు అనే అధికారి ఒకరు ఉంటారు. ఆయన్ను శత్రువుగా చూడటం పొరపాటు, ఆయన లేకపోతే ఆ తీర్పుకు విలువే ఉండదు.

పూర్వం ఒక ట్రిబ్యునల్ శూన్యమన్నా రెండవ ట్రిబ్యునల్ కూడా అదే మాట అనాల్సి వచ్చేది. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ఆ నిబంధన తీసేశారు. అప్పీలు లేకపోతే ఒక్క తీర్పు చాలు. అప్పీలు ఉంటే, కడప మేత్రాసనం హైదరాబాదు అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ పీఠం) కింద ఉంది గనుక మామూలుగా అక్కడికి, కోరుకుంటే రోములోని శ్రీసభ ఉన్నత న్యాయస్థానమైన రోటాకు వెళ్తుంది. ఇద్దరూ కలిసి అడిగి, ఆధారాలు కళ్లకు కట్టినట్టు ఉంటే మేత్రాణులే స్వయంగా తేల్చే సంక్షిప్త విధానం కూడా అప్పుడే వచ్చింది. మన కువైట్ అబ్బాయి వంటివాడు ఒప్పుకుంటేనే అది సాధ్యం, మౌనంగా ఉంటే మామూలు దారే. మొదటి దశ ఏడాదిలో ముగియాలన్నది నియమం. సాక్షులు తలా ఒక దేశంలో ఉంటే ఆ గడువు దాటిపోవడంలో వింత లేదు.

ముందు కోర్టా, ముందు ట్రిబ్యునలా? కాపురం ఇక కుదుటపడదని న్యాయాధిపతికి నిశ్చయం కలగాలని శ్రీసభ నియమం. దానికి విడాకుల డిక్రీని మించిన రుజువు లేదు కాబట్టి డిక్రీ వచ్చాకే రమ్మనడం సాధారణం. విడాకుల కేసు వేయడమే పాపమేమో అని వెనకాడే వాళ్లకు, శ్రీసభ బోధనల సంకలనమైన సత్యోపదేశ గ్రంథం 2383వ పేరాలో సమాధానం ఉంది: హక్కుల రక్షణకు, పిల్లల సంరక్షణకు, ఆస్తి కాపాడుకోవడానికి అదొక్కటే దారి అయినప్పుడు కోర్టు విడాకులు దోషం కాదు. విడాకులు తీసుకొని, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నవారికి ఆ కారణం మీద దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) నిరాకరించకూడదు. ఇది తెలియక ఏళ్ల తరబడి చివరి బెంచీలో కూర్చుండిపోయిన ఆడవాళ్లు ఉన్నారు. వారికి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

క్రమం ఏదైనా, ఆధారాలను మాత్రం మొదటి రోజు నుంచే రెండు కాలాలుగా విడదీసి ఉంచుకోవాలి: పెళ్లికి ముందువి ఒక కవరులో, పెళ్లి తర్వాతవి ఇంకో కవరులో. పరస్పర అంగీకార పిటిషన్‌లో సాధారణంగా 'మనస్పర్థలు' అన్న ఒక్క మాటే ఉంటుంది, ట్రిబ్యునల్‌కు అది ఏమీ చెప్పదు. అలాగని కోర్టులో గెలవడం కోసం "పెళ్లయిన మొదటి రెండేళ్లు అన్యోన్యంగా ఉన్నాం" అని ప్రమాణపూర్వకంగా రాసి, ట్రిబ్యునల్ ముందు "మొదటి రాత్రి నుంచే అతడికి కాపురం మీద మనసు లేదు" అంటే, ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివేది బంధ సంరక్షకుడే. విడాకుల పిటిషన్లలో అలవాటుగా దొర్లే ఆ 'అన్యోన్యంగా' అన్న మాట నిజమైతేనే ఉంచమని వకీలుకు చెప్పాలి.

రెండూ పూర్తయ్యాక గురువు ముందు పెట్టాల్సినవి ఇవి: అప్పీలు గడువు దాటిన విడాకుల డిక్రీ నకలు, ఎందుకంటే ఆ గడువు దాటాకే మళ్లీ పెళ్లి చట్టబద్ధమని 1869 చట్టం 57వ సెక్షన్ చెబుతుంది, ట్రిబ్యునల్ తీర్పు, అందులో తమ అనుమతి లేకుండా మళ్లీ పెళ్లి చేయరాదన్న షరతు ఏదైనా ఉంటే దాన్ని ఎత్తేసిన ఉత్తర్వు, కొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రం. ఈ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జ్ఞానస్నానం పుస్తకంలో ప్రతి పేరు పక్కనా సన్నని మార్జిన్ ఉంటుంది. పెళ్లి ఎప్పుడు, ఏ గుడిలో, ఎవరితో జరిగిందో అందులో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ట్రిబ్యునల్ తీర్పు అమల్లోకి వచ్చాక ఆ సంగతిని పెళ్లి రిజిస్టరులోనూ, ఈ మార్జిన్‌లోనూ నమోదు చేయించాలి. జ్ఞానస్నానం నెల్లూరు వైపు పల్లెలో జరిగి, పెళ్లి తిరుపతిలో జరిగి ఉంటే, తీర్పు నకలు ఆ పల్లె గుడికి చేరిందో లేదో కనుక్కోవాలి. చేరకపోతే, అక్కడి ఉపదేశిగారు పుస్తకం తెరిచి రాసిచ్చే కొత్త పత్రంలో పాత పెళ్లి ఒక్కటే కనిపిస్తుంది.